ఒకే కాగితముపై రెండు కొలబద్దలు

గోల్నాక, తార్నాక అను రెండు పేర్లలోను 'నాకా' అను మాట ఉన్నది. నాకా అనగా దారిలో బండిని నిలిపి తనిఖీ చేయు చోటు. వచ్చిన సరకు ఏది, ఎంత, దానిని ఏ కొలతతో కొలువవలెను అని విచారించిన పిమ్మట గాని అచ్చట బండిని ముందుకు విడువరు. నేడు పేర్లు మిగిలినవి గాని ఆ తనిఖీ లేదు. గోల్నాక నుండి అంబర్‌పేట మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో ప్రవేశించి, దానిని దాటి తార్నాక చేరి, ఉప్పల్ దారి పట్టిన బాటసారికి కొంత దూరములో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కనిపించును. విశ్వవిద్యాలయము 1918లోను, ఆ సంస్థ 1961లోను ఏర్పడినవి. ఈ బాట పొడవునను బడులు, కళాశాలలు, పరిశోధనాలయములు ఎన్నియో ఉన్నవి. వాటన్నిటిలోను నిత్యము తయారగుచు, ఏ నాకాలోను నిలుపబడక సాగిపోవుచున్న సరకు ఒకటి కలదు. అదియే రెండు కొలతల పటము.

గ్రాఫు కాగితము అడుగున కాలమును గుర్తింతుము. ఎడమ ప్రక్క నిలువు గీతపై ఒక కొలబద్ద, కుడి ప్రక్క నిలువు గీతపై మరియొక కొలబద్ద. ఒక వైపున డిగ్రీలు, మరియొక వైపున మిల్లీమీటర్లు. ఒక వైపున ధర, మరియొక వైపున దిగుబడి. రెండు రేఖలు కలిసి లేచి, కలిసి పడినచో చూచువాడు తల ఊపును. 'దీనివలననే అది' అని తీర్పు చెప్పును. ఆ తీర్పులో ప్రకృతి పాలు ఎంత, గీచినవాని చేతి పాలు ఎంత? ఇది గణిత ఉపాధ్యాయునకు మాత్రమే పట్టిన ప్రశ్న కాదు. ఒకప్పుడు కరవులో ఆకలితోను, మరియొకప్పుడు భూకంపములో మరణముతోను ముడిపడిన ప్రశ్న ఇది.

సాహిత్య విద్యార్థులకు ఇట్టి సంగతి క్రొత్త కాదు. పదునారవ శతాబ్దిలో పింగళి సూరన రాఘవపాండవీయమును రచించెను. ఒక విధముగా అన్వయించినచో రామకథ, మరియొక విధముగా అన్వయించినచో పాండవుల కథ. రామరాజభూషణుడు ఆ త్రోవలోనే హరిశ్చంద్రుని కథను, నలుని కథను ఒక కావ్యములో నిలిపెను. చదివి మనము కవుల నేర్పునకు ఆశ్చర్యపడుదుము. కాని రామకథ నడచినందువలన భారతకథ నడచినదని ఏ పాఠకుడును భావింపడు. రెండు కథలు ఒక పద్యములో ఇమిడినవనగా కవి వాటిని ఇమిడ్చెను. రెండు కొలతల పటము కూడ ఒక ద్వ్యర్థి కావ్యమే. అయితే కావ్యములో కవి మన కన్నులకు కనిపించును. పటములో గీచినవాడు మరుగుపడును. అంకెలు తమంతట తామే వచ్చి ఆ చోట కూర్చున్నవను భ్రమ కలుగును. కావ్యము చదువునప్పుడు మనకున్న మెలకువ పటము చూచునప్పుడు సడలుటకు కారణమిదియే.

ఎండ, వాన

భూగోళ పాఠములో ప్రతి విద్యార్థియు గీయు పటముతో ప్రారంభింతము. ఒక ఊరి పండ్రెండు నెలల ఉష్ణోగ్రతను గీతగాను, వర్షపాతమును కమ్మీలుగాను ఒకే కాగితముపై చూపుట పరిపాటి. హైదరాబాదునే తీసికొందము. డిసెంబరులో సగటు ఉష్ణోగ్రత ఇంచుమించు 22 డిగ్రీలు; మే నెలలో ఇంచుమించు 33. ఏడాది పొడవున ఉన్న హెచ్చుతగ్గు 11 డిగ్రీలు. నిలువు గీత పొడవు 10 సెంటిమీటర్లు అనుకొని, దానిపై 0 నుండి 50 డిగ్రీల వరకు గుర్తించినచో ఆ 11 డిగ్రీలు 2.2 సెంటిమీటర్ల ఎత్తు మాత్రమే ఆక్రమించును. అది మెల్లగా లేచి మెల్లగా దిగు దిబ్బవలె కనిపించును. అదే గీతపై 20 నుండి 35 వరకు మాత్రమే గుర్తించినచో ఆ 11 డిగ్రీలు 7 సెంటిమీటర్లు దాటును. దిబ్బ కాస్త కొండయై నిలుచును. ఊరు మారలేదు, ఎండ మారలేదు, అంకె మారలేదు. మారినది కొలబద్ద.

వాన విషయమును అంతే. ఈ నగరములో ఆగస్టు నెలలో సుమారు 200 మిల్లీమీటర్ల వాన పడును. కుడివైపు గీతపై 0 నుండి 200 వరకు గుర్తించినచో ఆగస్టు కమ్మీ కాగితము పైఅంచును తాకును. 0 నుండి 1000 వరకు గుర్తించినచో అది 2 సెంటిమీటర్ల మొలకయై నేలను కరచుకొని ఉండును. ఈ రెండు స్వేచ్ఛలు కలిసినప్పుడు ఉష్ణోగ్రత గీతను వాన కమ్మీలు ఎచ్చట దాటవలెనో, అసలు దాటవలెనో వలదో నిర్ణయించుట గీచువాని ఇష్టము. 'జూను నెలలో వాన ఎండను మించినది' అని విద్యార్థి వ్రాసినచో ఆ వాక్యమునకు అర్థము లేదు. డిగ్రీని మిల్లీమీటరు మించుట గంటను గజము మించుట వంటిది.

ఆ వాక్యమునకు అర్థము కల్పింపవచ్చునా? కల్పింపవచ్చును. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆన్రీ గోసెన్, జర్మను శాస్త్రజ్ఞుడు హైన్రిక్ వాల్టర్ ఇరువదవ శతాబ్ది నడుమ ఒక నియమమును వ్యాప్తిలోనికి తెచ్చిరి. 10 డిగ్రీల గుర్తునకు ఎదురుగా 20 మిల్లీమీటర్ల గుర్తే ఉండవలెను. ఎవరికిని దానిని మార్చు స్వేచ్ఛ లేదు. మిల్లీమీటర్లలో నెలవాన, డిగ్రీలలో ఉష్ణోగ్రతకు రెట్టింపు కంటె తక్కువయైనచో మొక్కకు అది ఎండు నెల; ఎక్కువయైనచో తడి నెల. మే నెల 33 డిగ్రీలకు 66 మిల్లీమీటర్ల వాన కావలెను. హైదరాబాదులో ఆ నెలలో సాధారణముగా 30, 40 మిల్లీమీటర్లకు మించదు గనుక అది ఎండు నెల. జూనులో వాన 100 మిల్లీమీటర్లు దాటును. ఆ నెల సగటు వేడికి 60 చాలును గనుక అది తడి నెల. ఈ నియమముతో చూచిన మన నగరమునకు జూను నుండి అక్టోబరు వరకు ఐదు తడి నెలలు, తక్కిన ఏడు ఎండు నెలలు. ఇచ్చట రేఖలు దాటుకొను చోటు గీచువాని ఇష్టము కాదు. మొక్క దప్పికకు గుర్తు. రెండు కొలబద్దల మధ్య బంధమును ముందుగా ఒక కారణముతో స్థిరపరచినందువలననే ఆ దాటుటకు అర్థము వచ్చినది. అట్టి కారణము లేనిచోట దాటుట ఒక దృశ్యము మాత్రమే.

గోధుమ ధర, కూలి

రేఖాపటములకు ఆద్యుడని పేరు పొందిన స్కాట్లండువాడు విలియం ప్లేఫేర్ 1821లో ఒక పటమును ప్రకటించెను. 1565 నుండి తన నాటి వరకు ఇంగ్లండులో గోధుమ ధరను నిలువు కమ్మీలుగాను, నేర్పరియైన పనివాని వారపు కూలిని గీతగాను ఒకే కాగితముపై చూపెను. రెండింటికిని కొలత శిల్లింగే. కాని ఒకటి 'క్వార్టరు' అను పెద్ద కొలత గోధుమల వెల. మరియొకటి వారము దినముల చెమట. శిల్లింగు ఒకటే అయినను కొలువబడు వస్తువులు వేరు. ఆ పటములో ధరల కమ్మీలు గోపురములవలె లేచి పడుచుండును; కూలి గీత వాటి అడుగున మెల్లగా ప్రాకుచుండును. చూచువాని కంటికి ధరల అల్లకల్లోలమే తోచును. అయితే ప్లేఫేర్ చెప్పదలచినది వేరు: కూలితో పోల్చిచూచిన గోధుమ అంతకు మున్నెన్నడును తన నాటి వలె చౌకగా లేదని.

ఆ మాట నిజమో కాదో ఆ పటము చూచి తెలిసికొనుట కష్టము. ధరను కూలితో భాగింపవలెను. ఒక క్వార్టరు గోధుమలు కొనుటకు పనివాడు ఎన్ని వారములు పని చేయవలెను అను మూడవ రేఖను గీయవలెను. అప్పుడు గాని సంగతి తేటపడదు. రెండు కొలతలను ప్రక్కప్రక్కన నిలుపుట ప్రశ్నకు సగము మాత్రమే. అనేక సందర్భములలో మనకు కావలసినది ఆ రెండింటి నిష్పత్తి. దానిని గీయక రెండు రేఖలను గీచి వదలుట, లెక్క చేయవలసిన పనిని చూచువాని కంటికి అప్పగించుటయే. కన్ను భాగహారము చేయజాలదు.

ధాత కరవు, సూర్యుని మచ్చలు

ధరకును కూలికిని గల ఆ బంధము మన దేశములో ప్రాణములతో ముడిపడిన సమయము ఒకటి వచ్చినది. 1876లో దక్షిణాపథమున వానలు తప్పినవి. 1878 వరకు సాగిన ఆ క్షామమును తెలుగువారు ధాత సంవత్సరము పేర 'ధాత కరవు' అని పిలిచిరి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు తల్లడిల్లినవి. దేశములో ఆ కరవునకు బలియైనవారు సుమారు అరకోటి మంది అని అంచనా. ధాన్యము అంగళ్లలో పూర్తిగా లేకపోలేదు. కొనుటకు కూలివాని చేత డబ్బు లేదు. కరవు పనులలో చేరినవారికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్దిపాటి రొక్కము చాలునని రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. ఆ కూలితో మనిషి బ్రతుకజాలడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించెను. ఆనాడు గీయవలసిన పటము ధాన్యము ధరకును కూలికిని సంబంధించినది.

ఆ 1877లోనే వేరొక పోలిక లోకమును ఆకర్షించినది. గణాంక శాఖాధిపతియైన విలియం హంటర్, ఖగోళ శాస్త్రజ్ఞుడైన నార్మన్ లాకియర్ సూర్యబింబముపై కనిపించు మచ్చల సంఖ్యను, మద్రాసు నగరపు వానను ప్రక్కప్రక్కన నిలిపిరి. సూర్యుని మచ్చలు ఇంచుమించు పదునొకండేండ్లకు ఒకసారి పెరిగి తరుగును. మచ్చలు తగ్గిన ఏండ్లలో మద్రాసులో వాన తగ్గుననియు, కరవులు అప్పుడే వచ్చుననియు వారు చూపిరి. మచ్చలకు ఒక కొలత, వానకు ఒక కొలత. రెండును కలిసి పడుచున్నట్లు తోచినవి. వారి ఉద్దేశము మంచిదే. కరవును ముందుగా పసిగట్టవలెనని వారి కోరిక. కాని ఆ పోలిక నిజమని నమ్మినచో ఫలితమేమి? ఆకలికి బాధ్యుడు సూర్యుడగును. ధరలు, కూలి, ధాన్యపు ఎగుమతి, ప్రభుత్వము చేసిన నిర్ణయములు తీర్పులో నుండి తొలగిపోవును.

అదే ఏడాది రిచర్డ్ స్ట్రాచీ ఆ అంకెలనే తిరిగి పరిశీలించి, ఆ పోలిక నిలువదని లండనులోని రాయల్ సొసైటీ ఎదుట వాదించెను. 1904లో మన వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ ఎన్నియో ఊళ్ల వానలను సూర్యుని మచ్చలతో సరిచూచి, ఆ బంధము మిక్కిలి బలహీనమని తేల్చెను. కాలము కూడ సాక్ష్యమిచ్చినది. 1877 నాటి అనావృష్టి మచ్చలు తగ్గిన కాలమున వచ్చినది; 1918 నాటి దేశవ్యాప్తమైన అనావృష్టియో, 1917లో మచ్చలు పరాకాష్ఠ నందిన వెంటనే వచ్చినది. వాకర్ వెదకుచు వెదకుచు పసిఫిక్, హిందూ మహాసముద్రముల మీది వాయుపీడనముల ఊగిసలాటను పట్టుకొనెను. 1877 నాటి వానలు తప్పుటకు పసిఫిక్ సముద్రజలములు వేడెక్కుట ముఖ్య కారణమని నేటి శాస్త్రము చెప్పును.

ఇట్టి పొరపాటుకు మన పెద్దలు ఏనాడో పేరు పెట్టిరి. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినది. అదే క్షణమున పండు రాలినది. కాకి వ్రాలుటచేత పండు రాలినదనుకొనుట కాకతాళీయము. కాకి రాకకు ఒక కొలబద్ద, పండు రాలుటకు ఒక కొలబద్ద పెట్టి అందమైన పటము గీచినంత మాత్రమున కాకతాళీయము కారణము కాజాలదు.

కోయనా నీరు, భూమి కదలిక

అట్లని రెండు కొలతల పటములన్నియు కాకతాళీయములని త్రోసివేయుటయు తగదు. తార్నాకకు ఆవల ఉన్న భూభౌతిక పరిశోధన సంస్థ చరిత్రలోనే దీనికి గొప్ప ఉదాహరణము ఉన్నది.

మహారాష్ట్రములోని సాతారా జిల్లాలో కోయనా నది పుట్టి కరాడ్ వద్ద మన కృష్ణలో కలియును. ఆ నదిపై 103 మీటర్ల ఎత్తున ఆనకట్ట కట్టి, 1961 మొదలు నీరు నిలుపసాగిరి. ఆ జలాశయమునకు శివాజీసాగరమని పేరు. నీరు నిలుపుట ప్రారంభమైన కొలది కాలమునకే ఆ ప్రాంతమున భూమిలో ఉరుము వంటి ధ్వనులు, చిన్న చిన్న కదలికలు మొదలైనవి. దక్కను పీఠభూమి కదలని నేల అని అందరును నమ్మియున్న రోజులవి. పూనా సమీపమున ఖడక్‌వాస్లాలోని జల విద్యుత్ పరిశోధన కేంద్రమువారు ఆనకట్ట దాపున భూకంప లేఖినులు నెలకొల్పి ఆ కదలికలను లెక్కింపసాగిరి. 1967 సెప్టెంబరులో తీవ్రత 5 దాటిన కదలిక ఒకటి వచ్చినది. ఆ ఏడాది డిసెంబరు 11వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలు దాటిన తరువాత, జనులు నిద్రలో ఉండగా, 6.3 తీవ్రతగల భూకంపము సంభవించినది. కోయనానగరములో ఇండ్లు కూలిపోయినవి. దాదాపు 200 మంది మరణించిరి. ఆనకట్టకు కూడ పగుళ్లు ఏర్పడినవి. తరువాత దానిని బలపరచిరి.

నీటికిని భూకంపమునకును సంబంధమున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో హైదరాబాదు సంస్థకు చెందిన హర్ష్ గుప్తా, బి. కె. రస్తోగీ, అప్పటి డైరెక్టరు హరి నారాయణ్ ముఖ్యులు. వీరు 1972లో ప్రకటించిన పరిశోధనలో కోయనాను ఇతర దేశముల జలాశయములతో పోల్చి పరిశీలించిరి. ఇట్టి పరిశోధనకు మూలాధారము రెండు కొలతల పటమే. ఒకటి జలాశయపు నీటిమట్టము. రెండవది వారము వారము నమోదైన కదలికల సంఖ్య. ఒకటి పొడవు కొలత, మరియొకటి లెక్క. రెండింటికిని కాలము ఒక్కటే.

ఇచ్చట కొలబద్దను ఎట్లు ఎన్నుకొనవలెనో చూడుడు. నీటిమట్టమును సముద్రమట్టము నుండి కొలుచుట వాడుక. శివాజీసాగరము నిండినప్పుడు ఆ మట్టము ఇంచుమించు 659 మీటర్లు. సున్న నుండి 700 వరకు గీత గీచినచో వర్షకాలమున నీరు ఎంత పెరిగినను ఆ రేఖ దాదాపు చదునుగానే కనిపించును. కాని సముద్రమట్టమునకును కోయనా లోయలోని రాతికిని పని ఏమి? రాతిపై పడు భారము నది అడుగు నుండి లేచిన నీటి ఎత్తును బట్టి ఉండును గాని సముద్రము నుండి కాదు. ఆ రేఖకు తగిన సున్న నది అడుగు. కదలికల లెక్కకో, సున్న అనగా నిజముగా సున్నయే. ఆ వారము కదలిక లేదని అర్థము. కనుక 'ఎల్లప్పుడు సున్న నుండి ప్రారంభింపుము' అని విద్యార్థికి చెప్పుట సరిపోదు. 'ఈ కొలతకు సున్న అనగా ఏమి?' అని అడుగుట నేర్పవలెను.

ఆ పటము ఏమి చెప్పినది? రెండు రేఖలు ఒకదానిపై ఒకటి అచ్చుగ్రుద్దినట్లు పడలేదు. వర్షకాలములో నీటిమట్టము లేచును. కదలికలు కొంత ఆలస్యముగా పెరుగును. నీటిమట్టము తగ్గిన కాలమున అవి సన్నగిల్లును. మరుసటి వర్షకాలము తరువాత మరల పెరుగును. ఆ ఆలస్యమే అర్థవంతమైనది. నీటి భారము వెంటనే పనిచేయును గాని, రాతి పగుళ్లలోనికి నీటి ఒత్తిడి ప్రాకుటకు కాలము పట్టును. ఆ ఒత్తిడి పగులు ముఖముల పట్టును సడలించినప్పుడు నేల జారును. గీచువాడు కొలబద్దను సాగదీసి రేఖలను పెంచవచ్చును, కుదింపవచ్చును. కాని ఏది ముందు, ఏది వెనుక అను వరుసను నిలువు కొలబద్ద మార్చజాలదు. అది ప్రకృతి పాలు.

ఆ పరిశోధకులు అచ్చట ఆగలేదు. నీరు ఎంత వేగముగా పెరిగినది, మునుపెన్నడును లేని మట్టమునకు చేరినదా, ఆ మట్టము ఎంతకాలము నిలిచినది అని విడదీసి విచారించిరి. 1967, 1973, 1980 సంవత్సరములలో కోయనాలో వచ్చిన 5 దాటిన కదలికలను పరిశీలించి, వాటికి ముందు ఒక్క వారములో నీరు 40 అడుగులు, అనగా దాదాపు 12 మీటర్లు పెరుగుట కనిపించినదని హర్ష్ గుప్తా తరువాత తెలిపెను. అయితే అంత వేగముగా నీరు పెరిగిన ప్రతిసారియు పెద్ద కదలిక రాలేదు. అది ఉండవలసిన నియమమే గాని చాలిన నియమము కాదని కూడ ఆయనయే స్పష్టము చేసెను.

తడికట్టె

పటమును దాటి సాగిన ఈ విచారణ మన తర్కశాస్త్రమునకు మిక్కిలి దగ్గర. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము నేటికిని తర్కములో తొలి పాఠము. పొగను చూచి నిప్పును ఊహించుటకు రెండు ఆధారములు కావలెనని తార్కికులు చెప్పుదురు. పొగ ఉన్నచోట నిప్పు ఉన్నదని చూపుట అన్వయము. దానికి వంటయిల్లు ఉదాహరణము. నిప్పు లేనిచోట పొగ లేదని చూపుట వ్యతిరేకము. దానికి మడుగు ఉదాహరణము. రెండు రేఖలు కలిసి లేచిన పటము అన్వయమును మాత్రమే చూపును. వ్యతిరేకమును పటము వెలుపల వెదకవలెను.

కోయనా విషయములో ఆ వెదకుటకు లోకమంతయు తోడ్పడినది. అమెరికాలో బౌల్డర్ ఆనకట్ట వెనుక నీరు నిలిచిన తరువాత వచ్చిన కదలికలను డీన్ కార్డర్ 1945లోనే వర్ణించెను. చైనాలోని షిన్‌ఫెంగ్‌జియాంగ్ వద్ద 1962లోను, ఆఫ్రికాలోని కరీబా వద్ద 1963లోను, గ్రీసులోని క్రెమస్తా వద్ద 1966లోను జలాశయముల దాపున 6 దాటిన భూకంపములు సంభవించినవి. ఇది అన్వయము. కాని లోకములో ఆనకట్టలు వేలకొలది ఉన్నవి. అట్టి కదలికలు కలిగినవి కొన్నియే. కోయనా నీరు చేరు కృష్ణపైననే మన శ్రీశైలము, నాగార్జునసాగరము ఉన్నవి; అంత పెద్ద జలాశయములైనను వాటి వద్ద కోయనా వంటి ఉత్పాతము కలుగలేదు. అయినచో నీరు కారణము కాదా?

తార్కికులు దీనికి జవాబు సిద్ధముగా ఉంచిరి. నిప్పు ఉన్నచోటనెల్ల పొగ ఉండునని చెప్పుట తప్పు. కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. నిప్పునకు తడికట్టె తోడైనప్పుడే పొగ. ఈ తడికట్టెను వారు 'ఉపాధి' అనిరి. కోయనాలో తడికట్టె ఏది? నేల లోపల అంతకు మునుపే ఒత్తిడితో బిగిసి, జారుటకు సిద్ధముగా ఉన్న పగుళ్లు. నీరు ఆ శక్తిని పుట్టింపలేదు, తొందరపెట్టినది. అందువలననే శాస్త్రజ్ఞులు జలాశయము భూకంపమును 'కలిగించినది' అనుటకు బదులుగా 'ప్రేరేపించినది' అను మాటను ఎన్నుకొనిరి. ఆ తడికట్టెను ప్రత్యక్షముగా చూడదలచి కోయనా ప్రాంతములో నేలను లోతుగా తొలిచిరి. 3 కిలోమీటర్ల లోతు చేరిన మొదటి బావి 2017లో పూర్తియైనది. యాబది యేండ్ల క్రిందట పటములో కనిపించిన బంధమును ఇన్నేండ్ల తరువాత రాతిలో వెదకుచున్నారు.

తరగతిలో

నేడు విద్యార్థి గ్రాఫు కాగితమును చేతితో గీయుట తగ్గినది. కంప్యూటరులో అంకెలు వేసి మీట నొక్కినచో పటము సిద్ధము. చేతితో గీచువాడు కొలబద్దను ఎన్నుకొనుటకైన ఒక్క నిమిషము ఆలోచించును; యంత్రము ఆ నిమిషమును మిగిల్చినది, ఆలోచనను తీసివేసినది. రెండు కొలతలు ఇచ్చినచో అది ఒక్కొక్క రేఖయు కాగితమును నింపునట్లు కొలబద్దలను తానే ఎన్నుకొనును. చిన్న హెచ్చుతగ్గు, పెద్ద హెచ్చుతగ్గు సమానమైన కొండలై లేచును. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ మహమ్మారి నాడు రోగుల సంఖ్యకు ఒక కొలబద్ద, మరణముల సంఖ్యకు వేరొక కొలబద్ద పెట్టిన పటములు ఇంటింటికి చేరినవి. వాటిని చూచి భయపడినవారును, ధైర్యపడినవారును కుడివైపు అంకెలను ఎడమవైపు అంకెలతో సరిచూచిరా అనునది వేరు సంగతి.

కనుక ఉపాధ్యాయులు తరగతిలో కొన్ని అలవాట్లు నేర్పుట మేలు. మొదటిది, ఏ రేఖ ఏ కొలబద్దకు చెందినదో రంగుతోనో గీత తీరుతోనో తెలుపుట. ప్రతి కొలబద్ద ప్రక్క దాని ప్రమాణమును వ్రాయుట. వీలైనచోట ఒకదానిని కమ్మీలుగాను, రెండవదానిని గీతగాను చూపుట మంచిది. అప్పుడు అవి దాటుకొన్నను ఒకదానినొకటి గెలిచినట్లు తోచదు. రెండవది, అదే అంకెలను వేరు కొలబద్దతో మరల గీయుట. పటము చెప్పిన మాట రెండవ పటములో నిలువకపోయినచో ఆ మాట అంకెలది కాదు, కొలబద్దది. మూడవది, ఒకే నిలువు చోటులో రెండింటిని ఇరికించుటకు బదులుగా, అడుగున కాలము ఒక్కటే ఉండునట్లు రెండు పటములను ఒకదాని క్రింద ఒకటి గీయుట. అప్పుడు తప్పుడు కలయికలు తొలగును. ముందు వెనుకల వరుస మాత్రము నిలుచును. నాలుగవది, కాలమును విడిచి ఒక కొలతను అడ్డముగాను, మరియొకదానిని నిలువుగాను పెట్టి చుక్కలు వేయుట. బంధము నిజమైనచో చుక్కలు ఒక దారి పట్టును, లేనిచో చెల్లాచెదరగును. ఐదవది, పెరుగుదలలను పోల్చవలసినచో రెండింటిని మొదటి ఏట 100గా భావించి గీయుట. నిష్పత్తి కావలసినచో భాగించి దానినే గీయుట.

ఇవి చేతిపనులు. వీటికంటె ముఖ్యమైనది ప్రశ్న. ఏ పటము చూపినను విద్యార్థి మూడు మాటలు అడుగవలెను: ఈ రెండు కొలబద్దల నడుమ ముడి ఎవరు వేసిరి? ఏది ముందు జరిగినది? ఇది ఉండియు అది లేని చోటు ఎక్కడైన ఉన్నదా? సూర్యుని మచ్చల పోలిక ఈ ప్రశ్నల ఎదుట నిలువలేదు. కోయనా పటము నిలిచినది. నిలిచినను తనకు తానే చాలునని చెప్పుకొనలేదు, రాతిని తొలిచి చూడుమన్నది. మన పిల్లలలో కొందరు రేపు ఆనకట్టల నీటిమట్టములను, ఊళ్ల వానలను, అంగడి ధరలను, కూలివారి వేతనములను చూచుకొను అధికారులగుదురు. వారి బల్ల మీదికి రెండు కొలతల పటము ఒకటి వచ్చును. దాని క్రింద సంతకము చేయుటకు ముందు వారు ఈ మూడు మాటలు అడుగునట్లు నేటి తరగతిలోనే అలవరచుట మన పని.